సోమవారం ఉత్తరం

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న సోదరసోదరీమణులకు, వంటల దగ్గర ఇంకా నిలబడే ఉన్న తల్లులకు ఉగాది శుభాకాంక్షలు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘మన ఇరుగుపొరుగు’. యూటాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి పొరుగువాడంటే చాలాచోట్ల మోర్మనే. వాళ్ల మంచితనం గురించి, వాళ్లు తెచ్చిచ్చే రొట్టెల గురించి ఇక్కడ అందరికీ తెలుసు కనుక ఆ మాటలు వదిలేసి, మా పక్కింటి కుర్రవాడు ఫిలిప్పీన్స్ నుండి వారం వారం రాసిన ఉత్తరాల గురించి చెప్పడానికి అనుమతి కోరుతున్నాను. అంశం తప్పానని అధ్యక్షులవారికి తోస్తే గంట కొట్టవచ్చు.

మోర్మన్లని మనం పిలిచేవాళ్ల క్రైస్తవ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మగపిల్లలు 19 ఏళ్లకు బదులు 18 ఏళ్లకే మత ప్రచార సేవకు వెళ్లవచ్చునని 2012 అక్టోబరులో సంఘం ప్రకటించగా, మా పక్కింటి పిల్లవాడు ఆ మరుసటి వసంతంలోనే బయలుదేరాడు. ఏ దేశం వెళ్లాలో ఎంచుకునే హక్కు వాళ్లకు ఉండదు. పైనుండి ఏ ఊరి పేరు వస్తే ఆ ఊరే. జీతం లేకపోగా, అమెరికా కుటుంబాలు ఆ రోజుల్లో నెలకు 400 డాలర్లు ఎదురు కట్టేవి. ఖరీదైన దేశం వెళ్లినా చవకైన దేశం వెళ్లినా కట్టేది అంతే. 2020లో దాన్ని 500 చేశారు. ప్రోవోలోని శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు సెబువానో భాష నేర్పి, మగపిల్లలకు నిర్ణయించిన రెండేళ్ల కాలానికి అతణ్ణి లేతే ద్వీపం పంపారు.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. ఊరూరా తిరిగి మతం మార్చే పనిని మీరెందుకు పొగుడుతున్నారని నన్ను అడిగినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆ పనిని పొగడటం లేదు. తెల్లచొక్కా, నల్ల పేరుబిళ్ల పెట్టుకున్న ఇద్దరు కుర్రవాళ్లు మా గుమ్మంలోకి వచ్చినప్పుడు, వాళ్లు కాఫీ టీలు ముట్టరని తెలిసి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మా ఇంట్లో ఏటా సత్యనారాయణ వ్రతం జరుగుతుందనీ, అది మానే ఉద్దేశం లేదనీ చెప్పి పంపించాను. నాకు ఆసక్తి కలిగించింది వాళ్ల బోధ కాదు, వాళ్ల వారం.

ఆ వారం ఎలా గడిచేదో వినండి. పొద్దున్న 6:30కు లేవాలి, రాత్రి 10:30కు దీపం ఆర్పాలి. ఉదయం వ్యాయామం, ఫలహారం కాగానే ఒంటరిగా ఒక గంట, జంటగా ఒక గంట గ్రంథ పఠనం, ఆపైన భాషాభ్యాసం. తరువాత రాత్రి 9 దాకా వీధులు, ట్రైసికిళ్లు, తెరుచుకోని తలుపులు. జంటలో ఒకడు రెండోవాడి కంటికీ చెవికీ అందనంత దూరం వెళ్లకూడదు. ఆ జంటను వాళ్లు కుదుర్చుకోరు. ఆరు వారాలకొకసారి బదిలీల జాబితా వస్తే జంట మారవచ్చు, ఊరు కూడా మారవచ్చు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు గురక పెట్టే అపరిచితుడితో ఒకే గదిలో సర్దుకుపోవడం వేదాంతం కన్నా కష్టమైన చదువని నా అభిప్రాయం. ఆదివారం ఆరాధన ముగిశాక, ఎందరిని కలిశాం, ఎందరికి పాఠం చెప్పాం, ఎందరు గుడికి వచ్చారు అని లెక్క ఒప్పజెప్పాలి. మన ఐటీ మిత్రులకు ఈ భాగం వివరించనక్కరలేదు.

సోమవారం మాత్రం సాయంత్రం 6 గంటల దాకా వాళ్ల సొంత పనులకు వదిలేస్తారు. బట్టలు ఉతుక్కోవడం, బజారు, జుట్టు కత్తిరింపు, ఇంటికి ఉత్తరం, అన్నీ ఆ పూటే. ఆ రోజుల్లో ఫోను ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కూ మాతృదినోత్సవానికీ. అందుకని ఆ ఉత్తరమే ప్రాణం. అక్కడ పిసోనెట్ అని ఉంటాయి. కంప్యూటరుకు అమర్చిన పెట్టెలో పెసో నాణెం వేస్తే కొన్ని నిమిషాలు పనిచేస్తుంది. నాణేలు అయిపోవస్తున్నాయని తెలిసిన చోట అతని వాక్యాలు కురచబడేవి. అక్కడ సోమవారం ఉదయమంటే ఇక్కడ ఆదివారం సాయంత్రం కనుక, పక్కింటావిడ ఆ వేళకు కంప్యూటరు ముందు నుండి కదిలేది కాదు. వచ్చిన ఉత్తరం చుట్టాలకూ మాకూ కూడా పంపేది.

ఒక ఉత్తరంలో అతను, ఇక్కడ బకెట్టూ మగ్గుతో స్నానం, సబ్బుబిళ్లతో చేతి ఉతుకు, చొక్కా కాలరు మురికి మాత్రం వదలడం లేదు, ఏం చేయాలి అని రాశాడు. పుట్టిన దగ్గరనుండి వాషింగ్ మెషీను తప్ప ఎరగని ఆ తల్లి నేరుగా మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ సింకు దగ్గర నా చొక్కా ఒకటి తడిపి, కాలరు పరిచి, సబ్బు రాసి కాసేపు నాననిచ్చి, బ్రష్షుతో ఒకే వైపుకు రుద్ది, మడత దగ్గర గుడ్డను గుడ్డతోనే నలిపి చూపించింది. పక్కింటావిడ ప్రతి మెట్టూ కాగితం మీద రాసుకుంది. రాజమండ్రి వీధికుళాయి దగ్గర మా ఆవిడ నేర్చుకున్న విద్య అలా లేతే చేరింది. మరుసటి ఉత్తరంలో, అన్నంలోకి ఎండుచేప, పక్కింటి కోడిపుంజు కూతలు, పాఠం మధ్యలో కరెంటు పోవడం చెప్పి, చివర ‘కాలరు తెల్లబడింది, ఆంటీకి చెప్పు’ అని ఉంది. ఆ వాక్యం మా ఆవిడ ఎంతమందికి చెప్పిందో మీలో చాలామందికి తెలుసు.

2013 నవంబరు 8న హైయాన్ తుఫాను లేతే మీద విరుచుకుపడింది. అక్కడివాళ్లు దాన్ని యోలాందా అంటారు. ఇక్కడ మనకది గురువారం మధ్యాహ్నం. లేతేలోని టక్లోబాన్ నగరాన్ని సముద్రం ముంచేసింది, దేశం మొత్తం మీద 6,000 మందికి పైగా చనిపోయారు, ఫోన్లు మూగబోయాయి. ఆ ఆదివారం సాయంత్రం ఉత్తరం రాలేదు. పక్కింటి వాకిట్లో కార్లు నిండిపోయాయి గాని లోపల ఎవరూ మాట్లాడటం లేదు. దిన దినగండంగా గడిచాక, ఆ ప్రాంతంలోని సేవకులందరూ క్షేమమని సంఘం నుండి కబురు వచ్చింది. వాళ్లను మనీలా తరలించారు. తరువాతి వారం మనీలా నుండి వచ్చిన ఉత్తరంలో గాలి గురించి రెండే వాక్యాలున్నాయి. మిగతాదంతా, కప్పు ఎగిరిపోయిన ఇంట్లో తమ బియ్యం తమకే చాలని స్థితిలో కూడా వండి పెట్టిన ముసలమ్మ గురించి.

2019 ఫిబ్రవరిలో నియమం మార్చి, వారానికొకసారి ఇంటికి ఫోను చేసుకోవచ్చునన్నారు. ఆ తుఫాను వారం చూసినవాణ్ణి గనుక ఆ మార్పు న్యాయమైనదేనంటాను. కానీ ఆ మార్పు తరువాత వెళ్లిన తమ్ముడి ఫైలు చూడండి. అన్నగారిది లావుపాటి కట్ట, తమ్ముడిది నాలుగు కాగితాలు. ప్రతి వారం ముఖం చూసి మాట్లాడిన ఆ తల్లే, చిన్నవాడు ఏం తిన్నాడో ఎవరింట్లో కూర్చున్నాడో తనకు గుర్తులేదని నాతో అంది.

ఇదంతా మనకెందుకు అనుకునేవారికి ఒక సంగతి. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో సొంత ఊరు హైదరాబాదుకు సేవకులుగా వెళ్లగా, వాళ్ల బంధువర్గంలో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఈ సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయనకు అప్పగించారు. కనుక ఈ కథ మన భాషకు పూర్తిగా పరాయిది కాదు. సరే, అధ్యక్షులవారు గంట వైపు చూస్తున్నారు.

నా మనవి ఒక్కటే. ఈ ఆగస్టులో కాలేజీలకు వెళ్లబోయే పిల్లల తల్లిదండ్రులు చేతులెత్తండి. రోజూ వీడియో కాల్ చేసుకోండి, నేను కాదనను. దానికి తోడు వారానికి ఒక పేజీ రాయమనండి, వచ్చినదాన్ని ముద్రించి దాచండి. తెలుగులో రాయలేకపోతే ఇంగ్లీషులోనే రాయనివ్వండి, దయచేసి తప్పులు దిద్ది తిరిగి పంపకండి. కాలరు ఎలా ఉతకాలో ఎవరైనా అడిగితే మా ఆవిడ సిద్ధంగా ఉంది. గారెలు చల్లారుతున్నాయట, సెలవు.