బ్రేమార్ బస్సు ఎక్కే ముందు

(అబర్డీన్‌లో తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేయడానికే ఎనిమిది నిమిషాలు తీసుకున్నారు. నాకిచ్చింది పది. వందన సమర్పణ కూడా ఆయన్నే చేసెయ్యమని కోరుతున్నాను.

రేపు సెప్టెంబరు మొదటి శనివారం, మన బస్సు బ్రేమార్ అనే ఊరికి, స్కాట్లాండ్ కొండసీమ (హైలాండ్) ఆటల పోటీలకు వెళ్తోంది. అక్కడ ఏమేం చూడాలో చెప్పమన్నారు. చూడాల్సినవి మీకు తెలుసు, ఏటా అవే చూస్తున్నాం: దుంగ విసరడం, రాజుగారు రావడం, ఫొటోలు. నా బాధంతా వినడం గురించి.

కొత్తవాళ్లున్నారు కాబట్టి ముందు దుంగ సంగతి తేల్చేస్తాను. దాన్ని కేబర్ అంటారు. బ్రేమార్ కేబర్ పొడవు 19 అడుగుల 9 అంగుళాలు, బరువు 60 కిలోలు. ఎంత దూరం పడిందని ఎవరూ కొలవరు. గాల్లో పల్టీ కొట్టి, విసిరినవాడికి ఎదురుగా తిన్నగా పడాలి, గడియారంలో 12 దగ్గర ముల్లులాగా. నిరుడు మనవాళ్లొకరు "ఇంతేనా, పది అడుగులు కూడా పోలేదు" అని గట్టిగా అన్నారు. పక్క వరసలో వాళ్లకి తెలుగు రాకపోవడం మన అదృష్టం. కత్తుల డాన్సు ఆడే పిల్లల్నీ చూడండి, కాలు తగిలి కత్తి జరిగిందా, పోటీ పోయినట్టే.

ఇక అసలు సంగతి. పడమటి తీరంలో ఓబన్ అనే ఊరుంది. 1871లో మొదలైన ఆర్గైల్‌షైర్ గ్యాదరింగ్ అనే ఇలాంటి ఆటల సంబరం ఆగస్టు చివర్లో అక్కడ జరుగుతుంది. మైదానంలో ఆటలకు ముందురోజు హాళ్లలో బ్యాగ్‌పైప్, అంటే గాలి సంచితో వాయించే వాయిద్యం, పోటీలు. గోల్డ్ మెడల్ ఇచ్చేది పీబ్రోక్ అనే రకం సంగీతానికి. దాన్ని ఇక్కడి పాత భాష గేలిక్‌లో పెద్ద సంగీతం అంటారు. మార్చ్‌లు, డాన్సు పాటలు చిన్న సంగీతం. పరేడ్లలో మీరు విన్నదంతా ఆ చిన్నదే.

పదిహేనేళ్ల కిందట నేనూ మా ఆవిడా ఓబన్‌లో వానకి తట్టుకోలేక ఆ హాల్లో దూరాం. లోపల ముప్ఫై మంది కూడా లేరు. ముగ్గురు జడ్జీలు పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. ఒకతను నెమ్మదిగా నడుస్తూ వాయిస్తున్నాడు. పది నిమిషాలైనా అవలేదు. మాకు ఆకలి. మా ఆవిడ పులిహోర పొట్లం తీసింది. అల్యూమినియం ఫాయిల్! ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి అరచెయ్యి చూపించాడు. నాకు ఒళ్లు మండింది. రెండు వీధుల అవతలికి వినబడే వాయిద్యం ముందు ఫాయిల్ చప్పుడెంత?

తర్వాత ఆయనే మా దగ్గరికొచ్చి చెప్పాడు. ఆ పైపులో ఉన్నవి తొమ్మిది స్వరాలే. గట్టిగా, మెల్లగా అన్న తేడా ఉండదు. మధ్యలో ఆపడానికీ వీల్లేదు, సంచిలో గాలి ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. కాబట్టి ఒక స్వరాన్ని ఎంతసేపు పట్టుకున్నాడు, దాని ముందు ఏ చిన్న స్వరాలు మెరిపించాడు, అందులోనే పనితనమంతా. ఆ మెరుపులే మా ఫాయిల్ కింద పోయాయి.

మొదట వాయించే భాగాన్ని ఊర్లార్ అంటారు, అంటే నేల. దాని మీద ఒక్కో అంతస్తూ కట్టుకుంటూ పోయి, చివరికి మళ్లీ నేలకే దిగుతారు. పెద్దాయన తర్వాతి పాటని మాకు నోటితో పాడి వినిపించాడు, హిహారిన్ అంటూ ఏవో అక్షరాలతో. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్న మా ఆవిడ "ఇవి జతులండీ!" అంది. పూర్తిగా కాదు. మన జతి లయని చెబుతుంది. ఇక్కడ సుమారుగా అచ్చులు స్వరాలు, హల్లులు ఆ చిన్న మెరుపులు. స్కై దీవిలో మెక్‌క్రిమన్ల వంశం తరతరాలుగా శిష్యులకు నేర్పింది ఇలా నోటితోనే.

ఇంకోటి. 1746లో తిరుగుబాటుదార్లు ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిపోయిన కలోడెన్ యుద్ధం తర్వాత ప్రభుత్వం బ్యాగ్‌పైప్‌ని నిషేధించిందని మన వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది. ఆ చట్టం నిషేధించింది హైలాండ్ దుస్తుల్ని, 1782 దాకా. అందులో పైపు పేరే లేదు. దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. అయ్యా, మీ ఎనిమిదిలోంచి ఇవ్వండి.

రేపు బ్రేమార్‌లోనూ పైపర్ల పోటీలుంటాయి. రాజుగారు వచ్చేది మధ్యాహ్నం. పొద్దున ఒక్క గంట నాతో అక్కడ కూర్చునేవాళ్లు చెయ్యెత్తండి. ఒకటి, రెండు, మూడు... ఆ బాబు నీళ్ల సీసా కోసం ఎత్తాడు. సరే, రెండు. మా ఆవిడతో కలిపి మూడు.

పులిహోర తెచ్చుకోండి, వద్దనను. స్టీలు డబ్బాలో తెచ్చుకోండి. మూత ముందే తీసి పెట్టుకోండి.