సాలెపురుగు దారంతో ఏమేం చేస్తుంది

అందరికీ నమస్కారం. మిద్దెతోటల వాళ్ల మీటింగులో సాలెపురుగుల గురించి మాట్లాడమంటే కాస్త ఆశ్చర్యపోయాను. ఇక్కడ మామూలుగా వచ్చే ప్రశ్నలు వేపనూనె ఎంత కలపాలి, పిండినల్లికి ఏం కొట్టాలి, ఇవే కదా. సరే, నేరుగా విషయంలోకి వస్తాను.

సాలెపురుగు అనగానే మనకి గూడు గుర్తొస్తుంది, ఆ వెంటనే బూజుకర్ర. కానీ తోటల్లో, గడ్డిలో తిరిగే వాటిలో చాలా రకాలు వేటకి వల కట్టనే కట్టవు. దారం మాత్రం అన్నీ తీస్తాయి. ఏది ఆ దారాన్ని దేనికి వాడుతోందో గమనిస్తే, పేరు తెలియకపోయినా దాని బతుకేంటో సగం తెలిసిపోతుంది.

ముందు వల కట్టేదాన్నే చూద్దాం. మందార కొమ్మల మధ్య, బీరపందిరి పక్కన గుండ్రటి వల, దాని నడుమ తలకిందులుగా ఒక పురుగు, కాళ్లని రెండేసి చొప్పున జతచేసి ఇంటూ గుర్తులా చాపుకుని ఉంటుంది. ఒంటి మీద పసుపు, వెండి రంగు పట్టీలు. దీని పేరు ఆర్జియోపి, చాలామంది సిగ్నేచర్ స్పైడర్ అంటారు, ఎందుకంటే వల మధ్యలో తెల్లటి మందపాటి దారంతో ఎవరో గబగబా సంతకం పెట్టినట్టు వంకర గీతలు గీస్తుంది. ఆ గీతలు ఎందుకో శాస్త్రవేత్తలకి ఇంకా ఏకాభిప్రాయం లేదు. మనకి కనపడని అతినీలలోహిత కాంతిని అవి తిప్పికొడతాయి కాబట్టి పురుగులు ఆకర్షణకి లోనై వస్తాయని కొందరు, పిట్టలు చూసి వల మీద పడకుండా తప్పుకుంటాయని మరికొందరు. తమాషా ఏంటంటే ఒకే పురుగు ఒకరోజు గీసి ఇంకోరోజు మానేస్తుంది. మీరు వేలు దగ్గరికి పెట్టారనుకోండి, వల మొత్తాన్ని గజగజా ఊపేస్తుంది.

దాని వేట నిలబడి చూడాల్సిందే. మిడత పడితే పరుగున వెళ్లి ముందు వెడల్పాటి దారపు పట్టీలతో చుట్టేసి, ఆ తర్వాత కాటేస్తుంది. సీతాకోకచిలుక పడితే మాత్రం వరస మారిపోతుంది, రెక్కల పొలుసులు వలకి వదిలేసి అది జారిపోగలదు కాబట్టి ముందు కాటు, తర్వాత చుట్టడం. మగది ఆడదానిలో సగం కూడా ఉండదు. జతకట్టడానికి వెళ్లి చాలాసార్లు భోజనమైపోతుంది, పాపం.

ఇప్పుడు గడ్డిలోకి దిగుదాం. చలికాలం పొద్దున్నే లాన్ మీద మంచు పట్టిన తెల్లటి పరదాలు పరిచినట్టు కనపడతాయి చూడండి, ఒక మూల గొట్టంలా లోపలికి వెళ్తుంది. అది హిప్పాసా అనే పురుగు ఇల్లు. ఆ పరదాకి జిగురుండదు. ఏ చీడో మిడతో దాని మీద అడుగేయగానే ఆ అదురుకి హిప్పాసా గొట్టంలోంచి దూసుకొచ్చి పట్టేస్తుంది. ఇది తోడేలు సాలెపురుగుల కుటుంబంలోది, విచిత్రంగా ఆ కుటుంబంలో ఎక్కువ రకాలు వల జోలికే పోవు, నేల మీద పరిగెత్తి వేటాడతాయి. రాత్రి టార్చిని కంటి పక్కన పెట్టుకుని గడ్డి మీదికి వేయండి, మెరిసే చుక్కలు కనపడితే చాలావరకు అవి వీటి కళ్లే.

మరి వల కట్టనప్పుడు వీటికి దారం దేనికి? గుడ్లకి. తల్లి గుడ్లని దారంతో గుండ్రటి సంచిలా కట్టి, పొట్ట చివర తగిలించుకుని ఎక్కడికెళ్లినా ఈడ్చుకెళ్తుంది. వెనకటికి ఫ్రాన్సులో ఒకాయన ఆ సంచి లాక్కుని దాని బదులు బెండు ఉండ ఇస్తే, దాన్నే తగిలించుకుని పోయింది. పిల్లలయ్యే వేళకి సంచిని తనే కొరికి తెరుస్తుంది, అవన్నీ తల్లి వీపెక్కి కొన్నాళ్లు అక్కడే సవారీ చేస్తాయి. వరిపొలాల్లో మొక్కల రసం పీల్చే సుడిదోమని తినే ముఖ్యమైన మిత్రపురుగు ఈ కుటుంబంలోదే. మందు ఎక్కువ కొడితే ముందు ఇవి పోతాయి, దోమ మాత్రం మళ్లీ పుంజుకుంటుంది. మన రైతులకి ఇది కొత్త సంగతేం కాదు.

చాలా రకాల పిల్లలు ఇంకో పని కూడా చేస్తాయి. గడ్డిపోచ కొసకెక్కి, పొట్ట పైకెత్తి, దారం గాల్లోకి వదులుతాయి. గాలి లాక్కెళ్తుంది. 1832లో బీగిల్ ఓడ దక్షిణ అమెరికా తీరానికి దాదాపు 60 మైళ్ల దూరంలో ఉన్నప్పుడు ఇలాగే బోలెడు సాలెపురుగులు ఓడ తాళ్ల మీద వాలాయని డార్విన్ రాసుకున్నాడు.

గోడల మీద, కుండీల అంచుల మీద గెంతే చిన్నది అందరికీ తెలుసు. మనం కదిలితే తిరిగి మన వైపే చూస్తుంది, ముందున్న రెండు కళ్లు పెద్దవి. అది గెంతేముందు దారాన్ని అంటించి గెంతుతుంది, గురి తప్పినా కింద పడదు. మామిడిచెట్టు మీద ఆకులు కుట్టే ఎర్రచీమల మధ్య ఒక "చీమ" ముందు కాళ్లు రెండూ మీసాల్లా ఎత్తి నడుస్తుంటే కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిదుంటే అది గెంతే సాలెపురుగే, చీమ వేషంలో.

పూలలో పీతలా కాళ్లు చాపి కూర్చునేది తేనెటీగల్ని పట్టేస్తోంది, తీసేయాలా అని ఇందాక ఒకక్క అడిగారు. వదిలేయండమ్మా. ఒకటీ అరా తేనెటీగ పోతుంది, అంతే.

ఇక అందరి టెన్షన్ ఒకటే, సాలెపురుగు పాకితే ఒళ్లు పొక్కుతుంది కదా అని. వానాకాలంలో రాత్రి పడుకుని లేచేసరికి మెడ మీద ఎర్రటి చార, మంట, నీటి పొక్కులు, దాన్ని మనవాళ్లు సాలీడు పాకిందంటారు. పాకితే పొక్కులు రావు. చాలాసార్లు అది పిడెరస్ అనే సన్నటి పురుగు పని, నారింజ, నలుపు రంగుల్లో చీమలా ఉంటుంది, ట్యూబులైటు వెలుగుకి వస్తుంది. అది కుట్టదు కూడా, మనం ఒంటి మీద నలిపేస్తే దాని ఒంట్లోని రసం అంటుకుని కాలుతుంది. కాబట్టి ఒంటి మీద వాలితే ఊది పంపించండి, అంటుకుందనిపిస్తే సబ్బునీళ్లతో వెంటనే కడుక్కోండి, పొక్కులు ఎక్కువైతే లేదా కంటి దగ్గరైతే చర్మం డాక్టరుకి చూపించండి. పొక్కులన్నీ దీనివే అనుకోవద్దు, సర్పి కూడా ఇలాగే మొదలవుతుంది.

ఇంకేమైనా ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసకి ఇవ్వండి ముందు, వాళ్లు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.