ఒసాకా ఓనరమ్మ ఏ యాసలో మాట్లాడాలి?

అక్క: అందరికీ నమస్కారమండీ. విశాఖపట్నం పెద వాల్తేరు నుంచి మేమే. ఈసారి ఫోన్‌లో కాదు, తమ్ముడు ఎదురుగానే కూర్చున్నాడు. జపాన్‌లోని ఒసాకా నుంచి పది రోజుల సెలవు మీద వచ్చాడు. నాన్నమ్మ గదిలో రికార్డ్ చేస్తున్నాం. చప్పుడు వస్తుందని ఫ్యాన్ ఆపేశాం, ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

తమ్ముడు: అందరికీ నమస్కారం.

అక్క: పరాయి దేశంలో ఉంటూ తెలుగులో వెబ్‌కామిక్, అంటే నెట్‌లో పెట్టే బొమ్మల కథ, రాసేవాడి రోజు ఎలా గడుస్తుందని చాలామంది అడిగారు. ఈ రోజు విషయం అదే. చెప్పు, ఎన్నింటికి లేస్తావు?

తమ్ముడు: ఆరింటికి. ఎనిమిదింటికి రైలు, ఆఫీసు, రాత్రి ఏడింటికి ఇల్లు. కుక్కర్ పెట్టేసి బొమ్మల ముందు కూర్చుంటే పదకొండు దాకా లేవను. అక్కడ పదకొండంటే ఇక్కడ ఏడున్నర, నీకు స్క్రిప్ట్ చదివి వినిపించేది అప్పుడే కదా. ఆదివారం ఎపిసోడ్ పెడతాను. రోజంటే అంతే అక్కా. టైమంతా తినేసేది మాత్రం ఒత్తులు.

అక్క: వచ్చేశాయా ఒత్తులు!

తమ్ముడు: ఇది చెప్పాలి. జపాన్ కామిక్స్‌లో మాటల బుడగ సన్నగా, నిలువుగా ఉంటుంది. వాళ్ళు పై నుంచి కిందికి రాస్తారు కాబట్టి సరిపోతుంది. నేనూ మొదట్లో అలాగే గీశాను. అందులో 'వెళ్ళిపోతున్నాననుకున్నావా' అని రాయాలి. ఒకటే మాట! ఎక్కడ విరుస్తావు? సరే, బుడగ వెడల్పు చేశాను. అప్పుడు పై లైన్‌లో 'రాష్ట్రం' వచ్చింది. ష కింద టావొత్తు, దాన్ని ఆనుకుని క్రావడి, రెండూ వేలాడుతూ వచ్చి కింది లైన్‌లో గుడి మీద కూర్చున్నాయి. ఇంకో యాప్‌లో అయితే ఒత్తు కిందికి దిగేదే కాదు, పొల్లు పెట్టి అక్షరాలు పక్కపక్కన పరిచేసేది. అందుకే ఇప్పుడు అన్నీ చేత్తోనే రాస్తున్నాను.

అక్క: చేత్తో రాసినవే బాగున్నాయి. నా బాధ అక్షరాల గురించి కాదు, మాట గురించి. ఓనరమ్మ ఎపిసోడ్ చూశాను. నచ్చలేదు.

తమ్ముడు: ఫోన్‌లో బాగుందన్నావు!

అక్క: బొమ్మ బాగుందన్నాను. మాట నచ్చలేదు. కథ వాళ్ళకి చెప్పు ముందు.

తమ్ముడు: మా ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి, కింది వాటాలో ఉంటారు. మా పేటలో మామూలు చెత్త వారానికి రెండు రోజులే తీసుకెళ్తారు. రోజు తప్పి పెడితే కాకులు సంచి చించి వీధంతా చిమ్ముతాయి. వెళ్ళిన కొత్తలో నేను రోజు తప్పి పెట్టాను. ఆమె ఆ సంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నా చేతిలో పెట్టి, కాకులు చించకుండా కప్పే వల కింద ఎలా పెట్టాలో దగ్గరుండి చూపించారు. వెళ్తూ వెళ్తూ రెండు కమలాపళ్ళు ఇచ్చారు. అదీ ఎపిసోడ్.

అక్క: ఆవిడ ఏమన్నారు అప్పుడు?

తమ్ముడు: 'అకన్, అకన్' అన్నారు. కుదరదు అని. అది ఒసాకా వైపు మాట. థాంక్స్‌కి కూడా అక్కడ పెద్దవాళ్ళు 'ఓకినీ' అంటారు. టోక్యో పుస్తకాల్లో నేర్చుకున్న భాషతో దిగితే మొదటి నెల సగం అర్థం కాలేదు నాకు.

అక్క: మరి నీ బుడగలో ఏం రాశావు? 'బాబూ, ఈ రోజు చెత్త పెట్టకూడదు.' న్యూస్ చదివినట్టుంది! ఆవిడ మాట్లాడింది ఒసాకా యాస. నువ్వు పుట్టింది విశాఖపట్నంలో. 'ఏటి బాబూ, ఇయ్యాల కాదని సెప్పినాను కదా, మళ్ళీ ఎట్టీసినావేటి?' అని రాస్తే ఆవిడ బతికి కనబడేవారు.

తమ్ముడు: రాశాను అక్కా. మొదటి డ్రాఫ్ట్‌లో అచ్చం అలాగే రాసి, తీసేశాను.

అక్క: ఎందుకు?

తమ్ముడు: నవ్వుతారని. మన యాస వినబడగానే జనం నవ్వడానికి రెడీ అయిపోతారు. చిన్నప్పటి నుంచి సినిమాల్లో చూస్తున్నాం కదా, ఈ మాట ఎవరికి పెడతారు? వాచ్‌మన్‌కి, పనిమనిషికి, తన్నులు తినేవాడికి. ఆమె నాకు ఎంతో చేశారు. ఆమెను చూసి ఎవరైనా నవ్వితే నేను తట్టుకోలేను.

అక్క: అందుకే రాయాలిరా! నవ్వేవాళ్ళకి భయపడి దాచేస్తే, ఇంక నవ్వడానికి తప్ప ఆ మాట ఎక్కడా మిగలదు. విజయనగరంలో 1892లోనే కన్యాశుల్కం ఆడారు, అందులో ఎవరి మాట వాళ్ళదే. మన రావిశాస్త్రిగారు ఈ ఊళ్ళోనే ప్లీడరీ చేస్తూ, కోర్టు చుట్టూ తిరిగే పేదవాళ్ళ మాటను ఉన్నదున్నట్టు కథల్లో పెట్టారు. చదివి ఏడ్చినవాళ్ళు లేరా?

తమ్ముడు: అవి పుస్తకాలు. కూర్చుని చదువుతారు. నాది ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ పోయేది, కొరియా వాళ్ళ వెబ్‌టూన్ లాగా. అర్థం కాకపోతే ఆగరు, పైకి తోసేస్తారు. పైగా 'ఎట్టీసినావేటి'లో దీర్ఘాలు చూడు, గుడులూ దీర్ఘాలూ అన్నీ పైకి లేచి...

అక్క: ఒత్తులయ్యాయి, ఇప్పుడు దీర్ఘాలా!

తమ్ముడు: నిజంగానే చోటు కావాలి అక్కా!

అక్క: చోటు నువ్వు చేస్తావు, నాకు తెలుసు. జపాన్ వాళ్ళు ఏం చేస్తారు? కామిక్‌లో ఒసాకా మనిషి వస్తే టోక్యో మాట పెడతారా?

తమ్ముడు: లేదు. ఒసాకా మాటే అచ్చేస్తారు. (ఆగి) అక్కడా టీవీలో ఒసాకా యాస అంటే ముందు కామెడీ వాళ్ళే గుర్తొస్తారు. జంటగా నిలబడి జోకులు చెప్పే మాన్‌జాయ్‌కి ఆ ఊరే పేరు. కానీ కామిక్స్‌లో అదే యాసలో అమ్మలు మాట్లాడతారు, ప్రేమించుకునేవాళ్ళూ మాట్లాడతారు. ఎవరూ నవ్వరు.

అక్క: మరి?

తమ్ముడు: ...

అక్క: ఏమైందిరా?

తమ్ముడు: ఏం లేదు. నువ్వు ఇందాక 'ఎట్టీసినావేటి' అన్నావు కదా. అది నాన్నమ్మ గొంతు. ఈ మంచం మీద కూర్చుని, స్కూల్ నుంచి రాగానే 'కారియర్ ఎక్కడెట్టీసినావేటి' అని అడిగేది. ఆ డ్రాఫ్ట్ రాసిన రాత్రి ఓనరమ్మ మొహం గీస్తుంటే నాన్నమ్మ ముక్కు వచ్చేసింది. చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ అదే వచ్చింది.

అక్క: ఆ ముక్కు ఉంచాల్సింది.

తమ్ముడు: ఉంచాను. నువ్వు చూసిన బొమ్మలో ఉన్నది అదే.

అక్క: ...నేను గమనించలేదురా.

తమ్ముడు: మాట మాత్రం మార్చేశాను.

అక్క: పాత ఫైల్ ఉందా?

తమ్ముడు: ఉంది. కానీ రెండో బుడగ పెద్దది చెయ్యాలి, కింద కమలాపళ్ళకి చోటు పోతుంది. ఒకటే పండు గీస్తే...

అక్క: రెండు ఇచ్చారన్నావు, రెండే ఉండాలి. బుడగను మెట్ల వైపు జరుపు.

తమ్ముడు: మెట్ల మీద 'సెప్పినాను' వస్తుంది, దాని పావొత్తు రెయిలింగ్‌కి తగులుతుంది.

అక్క: తగలనీ. (కింద వీధిలో కేక) ఉండు, చేపలామె వచ్చింది. కోనాం తెస్తానంది నీ కోసం. అమ్మా! ఆగమ్మా, వస్తున్నాను! గిన్నె ఎక్కడ పెట్టావురా?

తమ్ముడు: స్టవ్ పక్కన.

అక్క: అక్కడ లేదు.

తమ్ముడు: ఉండు, నేనూ వస్తున్నా.