సిమ్స్ 4 హోమ్ రీమోడల్: నాలుగు కుర్చీలున్నా సిమ్ నిలబడే తింటోంది ఎందుకు?

నమస్తే. సిమ్స్ 4 అంటే ఇళ్లు కట్టి, వాటిలో ‘సిమ్’లనే మనుషుల్ని ఆడించే వీడియో గేమ్. ముందు ఈ స్క్రీన్ ఒకసారి చూడండి. వంటిల్లు తళతళలాడిపోతోంది. టేబుల్ మీద పూలు, పైన వేలాడే దీపం, చుట్టూ నాలుగు కుర్చీలు. ఇంటావిడ మాత్రం ప్లేటు చేత్తో పట్టుకుని ఫ్రిజ్ పక్కన నిలబడి తింటోంది. పిల్లాడేమో కుర్చీ వైపు చూసి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. కుర్చీ దగ్గరికి వెళ్లే దారి లేదు, అదీ వాడి గోల.

రీమోడల్ అనగానే చాలామంది చెయ్యి నేరుగా వాల్‌పేపర్ మీదికి పోతుంది. అది ఆఖరి పని. మొదటి పని నడిచే దారి. ఈ రోజు తీసుకున్న కుటుంబంలో అమ్మ, నాన్న, బడికెళ్లే పిల్లాడు, ఒక టాడ్లర్ (బుడిబుడి అడుగులేసే పసివాడు) ఉన్నారు. ఇంటికి రెండు బెడ్‌రూములే. దీన్ని నలుగురూ హాయిగా మసలేలా మార్చాలి.

ఇల్లు కట్టే, మార్చే బిల్డ్ మోడ్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని. ‘సేవ్’ కాదు, ‘సేవ్ యాజ్’ నొక్కి కొత్త పేరుతో ఒక కాపీ పెట్టండి. అన్‌డూ ఉంది కదా అనుకుంటారు, కానీ సిమ్‌లు బతికే లైవ్ మోడ్‌లో ఒక రోజు ఆడాక పొరపాటు కనబడితే అన్‌డూ మిమ్మల్ని కాపాడదు. పాత సామాను వెంటనే అమ్మేయకండి కూడా. వాడిన వస్తువుకి కొన్న ధర రాదు. హౌస్‌హోల్డ్ ఇన్వెంటరీలో, అంటే కుటుంబం సామాను దాచుకునే చోట, పడేయండి, సగం సామాను మళ్లీ పనికొస్తుంది. ఇంట్లో సమాధి రాయో చితాభస్మం కలశమో ఉంటే దాన్ని కూడా అక్కడే దాచండి. తాతగారిని పొరపాటున అమ్మేశాక బాధపడి లాభం లేదు.

ఇక డబ్బు. కొత్త కుటుంబమైతే ఒక్క సిమ్‌కి 20,000 సిమోలియన్లు (గేమ్‌లో డబ్బు), ఆపైన ప్రతి మనిషికీ ఇంకో 2,000. నలుగురికి 26,000 అన్నమాట. చాలకపోతే ‘మదర్‌లోడ్’ చీట్ (టైప్ చేస్తే పనిచేసే కోడ్) ఒక్కసారికి 50,000 ఇస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఇంటి విలువ పెరిగితే వారానికోసారి వచ్చే బిల్లూ పెరుగుతుంది. చీట్ డబ్బుతో బంగళా కట్టేసి, జీతంతో బిల్లు కట్టలేక కరెంటు పోగొట్టుకునే ఇళ్లు బోలెడు. ఖర్చు పెట్టాల్సింది మంచం, స్టవ్, షవర్ మీద. మంచానికి ఎనర్జీ రేటింగ్ ఎక్కువుంటే నిద్ర త్వరగా తీరుతుంది. నాసిరకం స్టవ్ అయితే వంట రుచీ తగ్గుతుంది, మంటలూ వస్తాయి. కుర్చీలు, కర్టెన్లు చవకవైనా నష్టం లేదు.

వంటింటికొద్దాం. ఇప్పుడున్న గది వెడల్పు 4 టైల్స్ (నేల మీది గళ్లు). ఒక గోడకి కౌంటర్లు, అంటే 1 టైల్. మిగిలింది 3. టేబుల్ ఒక వరుస, దానికి అటూ ఇటూ కుర్చీల వరుసలు. మూడూ కలిపితే సరిగ్గా 3. కాగితం మీద లెక్క సరిపోయింది! కానీ సిమ్ నడవడానికి ఎక్కడుంది చోటు? ఒక వైపు కుర్చీ వీపు కౌంటర్‌కి, ఇంకో వైపు కుర్చీ వీపు గోడకి ఆనుకున్నాయి. కుర్చీ వెనక్కి జరగాలి, మనిషి దాని దగ్గరికి రావాలి. అందుకే కుర్చీల వెనక ఒక్కో టైల్ వదలండి. టేబుల్, కుర్చీలు, వెనక ఖాళీ, అన్నీ కలిపి 5. కౌంటర్ ఒకటి. మొత్తం 6. కాబట్టి గోడని 2 టైల్స్ బయటికి జరపాలి.

గది మీద క్లిక్ చేస్తే గోడల దగ్గర బాణం గుర్తులు వస్తాయి. పెరటి వైపు గోడ బాణం పట్టుకుని లాగండి. కిటికీలు, గోడకి తగిలించిన బొమ్మలు గోడతో పాటే వస్తాయి. కింద నేల మీదున్న కౌంటర్లు మాత్రం పాతచోటే ఉండిపోతాయి, వాటిని మీరే జరపాలి. పైకప్పు కూడా దానంతటది సాగదు. కప్పుని విడిగా ఎంచుకుని దాని బాణం లాగాలి. చూరు ఒక వైపే పొడిగించాలంటే షిఫ్ట్ పట్టుకుని లాగండి. ఇది మర్చిపోతే కొత్త భాగం బోసిగా, తల మీద టోపీ జారిపోయినట్టు కనిపిస్తుంది.

కౌంటర్లు పెట్టేటప్పుడు ఇంకో తిరకాసు. కాఫీ మెషీన్, పళ్ల బుట్ట, కత్తుల స్టాండ్, మొక్క... ఒక్కో కౌంటర్ మీద ఒక్కోటి పెట్టేసి చూస్తే ఫోటోకి బ్రహ్మాండం. కూరలు తరగాలంటే సిమ్‌కి ఖాళీ చోటు కావాలి. స్టవ్ దగ్గరలో కనీసం ఒక కౌంటర్, వీలైతే రెండు, ఏమీ పెట్టకుండా వదిలేయండి. సీలింగ్‌కి ఒక స్మోక్ అలారం బిగించండి. మంట అంటుకుంటే ఫైర్ వాళ్లని అదే పిలుస్తుంది. ఫైర్‌ప్లేస్ ఉంటే దాని ముందు కార్పెట్ వద్దు.

ఇప్పుడు పిల్లల సంగతి. ఈ గేమ్ వచ్చింది 2014 సెప్టెంబర్‌లో. టాడ్లర్లు వచ్చింది 2017 జనవరిలో. ఇన్‌ఫంట్లు, అంటే ఇంకా నడవని పసికందులు, 2023 మార్చిలో. అంటే మొదటి రోజుల్లో కట్టిన ఇళ్లకి టాడ్లర్లనే ఊహే లేదు. అందుకే రెండో బెడ్‌రూము ఉన్నా టాడ్లర్‌కి చోటుండదు. కావాల్సినవి: టాడ్లర్ మంచం, పాటీ (పసివాళ్ల చిన్న టాయిలెట్), హై చెయిర్, స్నానానికి టబ్. టబ్ దగ్గరే అందరూ బోల్తా పడతారు. పెద్దవాళ్లకి షవర్ చాలు కదా అని బాత్‌రూములో అదొక్కటే పెడతారు. టాడ్లర్ షవర్ వాడడు. తల్లో తండ్రో టబ్‌లో కూర్చోబెట్టి స్నానం చేయించాలి. టబ్ 2 టైల్స్, దాని ముందు పెద్దవాళ్లు నిలబడడానికి ఇంకో వరుస ఖాళీ ఉండాలి. పాటీని గది మూలలో ఇరికించకండి, ముందు వైపు తెరిచి ఉంచండి. లేకపోతే ఆ చిట్టి సిమ్ టాయిలెట్ నీళ్లలో ఆడుకునే దృశ్యం మీకు పదే పదే కనిపిస్తుంది. పాటీ దొరికినా ఆడుకుంటాడనుకోండి, అది వేరే సంగతి.

అమ్మానాన్నల గదిలో ఒకే నియమం. డబుల్ మంచానికి రెండు వైపులా దారి వదలండి. ఒక వైపు గోడకి ఆనించారో, ఒకరు పడుకుంటారు, ఇంకొకరు సోఫా మీద తెల్లారబెడతారు. కాపురంలో లేనిపోని చిక్కు.

దారులు సరిపోయాయి. ఇప్పుడు రంగులు. సిమ్స్ 3లో కలర్ వీల్ ఉండేది, ఏ వస్తువుకైనా నచ్చిన రంగు వేసుకునేవాళ్లు. 4లో అది లేదు, ఇచ్చిన స్వాచ్‌లే (ముందే సిద్ధం చేసిన రంగులే) గతి. చిక్కంతా చెక్క రంగుతోనే. ఒక ప్యాక్‌లోని (విడిగా కొనే అదనపు సామాను కట్టలోని) ‘ముదురు గోధుమ’కి ఇంకో ప్యాక్‌లోని ‘ముదురు గోధుమ’కి పొత్తు కుదరదు, ఒకటి ఎర్రగా, ఇంకోటి బూడిదగా ఉంటుంది. కాబట్టి ఎక్కువ చోటు ఆక్రమించేది ముందు ఎంచుకోండి: కౌంటర్లు, తలుపులు. తర్వాత టేబుల్, మంచం వాటికి దగ్గరగా. ఒక్క ముక్క కలవకపోతే కలపాలని తంటాలు పడొద్దు, దానికి తెలుపో నలుపో వేసేయండి. కొంచెం తేడా ఉంటే పొరపాటు అంటారు, పూర్తిగా వేరైతే డిజైన్ అంటారు. కేటలాగ్‌లో రంగుని బట్టి వడపోసే ఫిల్టర్ ఉంది, చాలామంది దాని జోలికే పోరు.

వాల్‌పేపర్ వేసేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే గది మొత్తానికి ఒకేసారి పడుతుంది. ఫ్లోర్‌కీ అంతే. టైల్‌ని అడ్డంగా కోసి త్రికోణంలా వేయాలంటే కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కండి. హాలు, వంటిల్లు కలిసి ఉన్నచోట గోడ కట్టకుండానే రెండు రకాల ఫ్లోర్‌తో విడదీయొచ్చు.

ఇక అలంకరణ. చీట్‌లు టైప్ చేసే పెట్టె కోసం కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కండి. అందులో ‘బీబీ డాట్ మూవ్‌ఆబ్జెక్ట్స్ ఆన్’ అని కొడితే వస్తువుల్ని అడ్డంకి లేకుండా పెట్టుకోవచ్చు. కన్సోల్ మీద ఆడేవాళ్లకి హెచ్చరిక: చీట్స్ వాడిన సేవ్‌లో ట్రోఫీలు రావు. ఇప్పుడు వస్తువు చేతిలో ఉండగా కంట్రోల్ 9 నొక్కితే పైకి లేస్తుంది, కంట్రోల్ 0 నొక్కితే దిగుతుంది. షిఫ్ట్‌తో కుడి బ్రాకెట్ నొక్కితే పెద్దదవుతుంది, ఎడమది నొక్కితే చిన్నదవుతుంది. ఆల్ట్ పట్టుకుంటే గ్రిడ్ (నేల గళ్లు) వదిలి ఎక్కడైనా పెట్టొచ్చు. అసలు ప్రమాదం ఈ ఆల్ట్ కీతోనే. పూలకుండీలు, పుస్తకాలు, చిన్న బొమ్మలు ఎలాగైనా పెట్టుకోండి. డైనింగ్ కుర్చీ జోలికి మాత్రం వెళ్లొద్దు. అర టైల్ పక్కకి జరిగిందా, అది టేబుల్‌కి జతైన కుర్చీగా పనిచేయడం మానేస్తుంది. మొదట్లో చూసిన ఇంట్లో రెండు కుర్చీలది చోటు సమస్య, మిగతా రెండు ఆల్ట్ బాధితులు.

చిన్నాచితకా సామాను కావాలంటే ‘బీబీ డాట్ షోహిడెన్‌ఆబ్జెక్ట్స్’ టైప్ చేసి, వెతికే పెట్టెలో ‘డీబగ్’ అని కొట్టండి. చాలావాటి ధర సున్నా. ఇక భావోద్వేగ ప్రభావమున్న పెయింటింగ్‌లు. గోడకి తగిలించగానే పనిచేయవు, లైవ్ మోడ్‌లో క్లిక్ చేసి ప్రభావం ఆన్ చేయాలి. ఒకే హాల్లో సరదా బొమ్మ, దిగులు బొమ్మ రెండూ ఆన్ చేస్తే సిమ్ మూడ్ ఎటు పోతుందో చెప్పలేం. ఒక్క గదికి ఒక్క భావం చాలు. చదువుకునే గదిలో ఏకాగ్రత, వంటింట్లో ఏదీ అక్కర్లేదు.

దీపాల మీద క్లిక్ చేస్తే రంగు, వెలుతురు మార్చొచ్చు, గదిలోని అన్నిటికీ కలిపి కూడా. పడకగదుల్లో వెలుతురు తగ్గించి, పసుపు ఛాయ ఇస్తే చాలు.

చివరిగా పరీక్ష. లైవ్ మోడ్‌లోకి వెళ్లి మీరేమీ చెప్పకుండా గేమ్ వేగం 3లో ఒక పూర్తి రోజు నడవనివ్వండి. ఎవరు ఎక్కడ ఆగి చేతులు ఊపుతారో చూడండి. తల మీద బుడగ వస్తే పాజ్ చేసి, ఆ సిమ్ ఏ వస్తువు దగ్గరికి పోవాలనుకుందో చూసి, దాని చుట్టూ ఏముందో ఒక్కొక్కటే తీసి చూడండి. పెద్ద సోఫా తప్పు అనుకుంటారు, తీరా చూస్తే అందం కోసం పక్కన పెట్టిన నేలకుండీ ఉంటుంది. ఇక్కడ చూడండి, హై చెయిర్ దగ్గర అదే జరిగింది. కుండీ ఒక్క టైల్ వెనక్కి... ఆ, ఇప్పుడు అమ్మ టాడ్లర్‌ని కూర్చోబెట్టింది.