పర్మిషన్ డినైడ్ అనగానే 777 కొట్టకండి

నమస్తే అండీ. నేరుగా విషయంలోకి వెళ్లిపోతా, ఎందుకంటే ఈ ప్రశ్న వస్తూనే ఉంది: "అన్నా, స్క్రిప్టు టెర్మినల్‌లో నడిపితే ఫైల్ తెరుచుకుంటోంది, బ్రౌజర్‌లో తెరిస్తే పర్మిషన్ డినైడ్ అంటోంది, 777 కూడా కొట్టేశా, అయినా రావట్లేదు." లినక్స్ సర్వర్‌లో 777 కొట్టడమంటే, ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని పర్మిషన్ ఇచ్చేయడం. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

మన గుంటూరు కోల్డ్ స్టోరేజీనే తీసుకోండి. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మీవి, బాండు మీ పేరు మీదే ఉంది, మీరు వెళ్తే గేటు తీస్తారు. చేతిలో ఏ కాగితమూ లేకుండా మీ గుమస్తాని పంపితే? గేటు దగ్గరే ఆపేస్తారు. టెర్మినల్‌లో స్క్రిప్టు నడిపింది మీరు, బ్రౌజర్ నుంచి నడిపింది గుమస్తా, అంతే తేడా. ఉబుంటు లినక్స్‌లో, వెబ్‌పేజీలు పంపే అపాచీ సర్వర్‌కి ఆ గుమస్తా యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, రెడ్‌హ్యాట్ లినక్స్‌లో అయితే అపాచీ.

ఇప్పుడు అసలు పాయింట్. ఫైల్ పాత్‌లో ప్రతి స్లాషూ ఒక గేటు. మెయిన్ గేటు, ఛాంబర్ తలుపు, ర్యాక్, ఆఖర్న టిక్కీ. ఫైల్‌కి 777 కొట్టడమంటే లోపల టిక్కీ కుట్టు విప్పేసి పెట్టడం. గుమస్తా ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నాడండీ! ఫోల్డర్‌లోంచి దాటి వెళ్లాలంటే దాని మీద ఎక్స్ పర్మిషన్ ఉండాలి, దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఉండాలి. ఆర్, అంటే చదివే పర్మిషన్, ఒక్కటే ఉంటే లోపల ఏమేం ఉన్నాయో పేర్లు చదువుకోవచ్చు, వాటిని తెరవలేం.

తెలిసినవాళ్ల మిర్చి ధరల పేజీ ఒకటి నేనే చూసేవాణ్ణి. ఉబుంటు 20.04 నుంచి కొత్త సర్వర్‌లో 22.04కి మార్చాం, కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు, పేజీ మాత్రం పడిపోయింది. ఫైల్ 644, ఎవరైనా చదవచ్చు. రాత్రంతా ఆ ఫైల్ చుట్టూనే తిరిగా. తెల్లవారుజామున నేమ్‌ఐ హైఫన్ ఎల్ అనే కమాండ్ కొట్టి మొత్తం పాత్ ఇస్తే గేట్లన్నీ వరుసగా కనిపించాయి, స్క్రీన్ మీద చూడండి, ఇదిగో సైట్ ఉన్న హోమ్ ఫోల్డర్ లైను, పర్మిషన్లలో చివరి మూడు స్థానాల్లో వట్టి గీతలు, అంటే బయటివాళ్లకి ఏ పర్మిషనూ లేదు. 21.04 నుంచి ఉబుంటు కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్‌ని బయటివాళ్లూ రాగలిగే 755 బదులు, వాళ్లకి తలుపు మూసేసే 750తో తయారు చేస్తోంది. మంచి మార్పే, మీ ఇంట్లోకి ఊళ్లోవాళ్లంతా ఎందుకు రావాలి? నేను ఆ గేటు తెరవలేదు, సైట్‌నే వార్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌లోకి మార్చా.

సరి చేశాక ఊరికే నమ్మేయకండి, మీరే గుమస్తా పేరు మీద వెళ్లి చూడండి: సుడో హైఫన్ యు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, క్యాట్, ఆ తర్వాత ఫైల్ పాత్. తెరుచుకుంటే గేట్లన్నీ సరిగ్గా ఉన్నట్టే. స్క్రిప్టు ఏదైనా ఫైల్‌లోకి రాయాల్సి వస్తే, ఆ ఫైల్ ఉన్న ఒక్క ఫోల్డర్‌నే గుమస్తా పేరు మీదకి మార్చండి, మొత్తం సైట్‌ని కాదు. అప్‌లోడ్ ఫోల్డర్ 777లో ఉంటే ఆ సర్వర్‌లో ఇంకెవరి ప్రోగ్రామైనా అందులో ఏదైనా రాసేయొచ్చు. పైగా సీజీఐ స్క్రిప్టులకి, అంటే పేజీ అడిగినప్పుడు సర్వర్ విడిగా నడిపే ప్రోగ్రాములకి, అపాచీలోని సుఎగ్జెక్ అనే భద్రతా ప్రోగ్రామ్ వాడుతుంటే 777 ఉన్న స్క్రిప్టుని అది నడపనే నడపదు, 500 ఎర్రర్, అంటే సర్వర్ లోపం అని వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఎర్రర్ "నో సచ్ ఫైల్" అని వస్తే ముందు పాత్ చూడండి, పూర్తి పాత్ ఇవ్వండి, పీహెచ్‌పీలో అయితే స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ పాత్ చెప్పే డిర్ కాన్‌స్టెంట్ వాడండి. రెడ్‌హ్యాట్‌లో పర్మిషన్లన్నీ బాగున్నా రావట్లేదంటే ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా వ్యవస్థ ఫైల్‌కి వేసే ముద్ర చూడాలి, హోమ్‌లోంచి ఎంవీ కమాండ్‌తో తెచ్చిన ఫైల్‌కి పాత ముద్రే ఉండిపోతుంది, దాన్ని సరిచేసే రీస్టోర్‌కాన్ కమాండ్ కొట్టండి. ఇక స్క్రిప్టు టెంప్ ఫోల్డర్‌లో ఫైల్ రాశానంటోంది, మీకు కనిపించట్లేదు అంటే, సర్వర్ ప్రోగ్రాముల్ని నడిపే సిస్టమ్‌డీలో ప్రైవేట్‌టెంప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఉంటే గుమస్తాకి వేరే గది ఇచ్చేస్తుంది, మీ ఫైల్ ఆ గదిలో ఉంటుంది.