10,000 రూపాయలు, ఆరు నెలల గడువు

శ్రోతలకు నమస్కారం.

కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు డబ్బు గురించి అడుగుతారు. ఎంత పెట్టాలి, ఎక్కడ తేవాలి అని. ఆ మాటలన్నీ అయిపోయాక, వెళ్లబోయేముందు, కాస్త గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడుగుతారు. "ఇంతకీ, నేను చేయగలనంటారా?" అని. అసలు ప్రశ్న అదే. ఈ పూట నా సమయమంతా దానికే ఇస్తాను.

నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి చెబుతాను. కిరణ్ మజుందార్ షా పేరు మీలో చాలామందికి తెలుసు. బయోకాన్ సంస్థను స్థాపించినవారు. ఆ పేరు వినగానే పెద్ద ఔషధ సంస్థ, వేల మంది ఉద్యోగులు కళ్ల ముందు మెదులుతారు. కాసేపు వాటన్నిటినీ పక్కన పెట్టండి. 1978కి వెళదాం. అప్పటికి ఆమె వయసు 25 ఏళ్లు. వ్యాపారం చేయాలన్న ఆలోచన కూడా లేదు.

ఆమె చదివింది బీరు తయారీ శాస్త్రం. తండ్రిది కూడా అదే వృత్తి. ఆస్ట్రేలియా వెళ్లి, తరగతిలో ఒకే ఒక్క మహిళగా చదివి, అందరికంటే ముందు నిలిచి వచ్చారు. వచ్చాక బీరు తయారీకి పెద్దగా ఉండే ఉద్యోగం దొరకలేదు. బీరు తయారీని చూసుకోవడం మగవాళ్ల పని అన్నారు. చివరికి స్కాట్లాండులో ఒక ఉద్యోగం కుదిరింది. ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజుల్లో లెస్ ఆచిన్‌క్లాస్ అనే ఐర్లాండ్ వ్యాపారవేత్తతో పరిచయమైంది. ఆయనకు ఎంజైములు, అంటే జీవుల్లో పుట్టి రసాయన మార్పులను త్వరగా జరిపించే పదార్థాలు, తయారుచేసే సంస్థ ఉంది. భారతదేశంలో భాగస్వామి కోసం వెతుకుతున్నారు.

ఆమె వెంటనే సరే అనలేదు. ఒక షరతు పెట్టారు. ఆరు నెలలు చేసి చూస్తారు. ఆ తరువాత ఈ పని వద్దనిపిస్తే, తాను వదులుకుంటున్న ఉద్యోగానికి సాటి వచ్చే ఉద్యోగాన్ని ఆయనే చూపించాలి. ఆయన ఒప్పుకున్నారు.

ఆరు నెలలు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బెంగళూరులో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో 10,000 రూపాయల పెట్టుబడితో పని మొదలైంది. అప్పు కోసం బ్యాంకులకు వెళితే కాదన్నారు. మనిషి చిన్నది, ఆడపిల్ల, పూచీకత్తు పెట్టడానికి ఆస్తి లేదు. పైగా ఎంజైములంటే ఏమిటో అప్పట్లో చాలామందికి తెలియదు. పనిలో చేరడానికి కూడా జనం వెనుకాడారు. మొదట చేరిన మనిషి ఒక రిటైరైన మెకానిక్.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఉద్యోగం ఇవ్వనన్నవాళ్లు ఒకవైపు, అప్పు ఇవ్వనన్నవాళ్లు ఇంకోవైపు. ఇంతమంది కాదంటున్నా చేయగలనన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? అద్దం ముందు నిలబడి గెలుస్తాను, గెలుస్తాను అనుకుంటే వచ్చిందా? నాకలా అనిపించదు. ఆమె మొదట తయారుచేసినవేమిటో చూడండి. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్. చేపల గాలితిత్తుల నుంచి తీసే ఐసింగ్లాస్. ఈ రెండూ బీరును తేటపరచడానికి వాడేవి! బీరు ఎందుకు మసకబారుతుందో, దాన్ని తేటగా ఉంచడానికి ఏమి కావాలో ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. వ్యాపారం కొత్త. పని కొత్త కాదు. అన్నేళ్ల తరువాత ఆ సంస్థ ఇన్సులిన్ తయారుచేసింది కూడా ఈస్టు అనే సూక్ష్మజీవి సాయంతోనే. బీరును పులియబెట్టేదీ ఈస్టే. ఈస్టుతో ఆమె పరిచయం బీరు చదువు నాటిది.

వ్యాపారం కొత్త, పని కొత్త కాదు. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే ఆత్మవిశ్వాసం అనే మాటను మనం చాలా వదులుగా వాడుతున్నాం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీన్ని చక్కగా వివరించారు. చేయగలనన్న నమ్మకం పనిని బట్టి మారుతుందన్నారు. దానికి అన్నిటికంటే గట్టి పునాది స్వయంగా చేసి చూసిన అనుభవమేనన్నారు. నాకు ఇది అక్షరాలా నిజమనిపిస్తుంది. బట్టలు అద్భుతంగా కుట్టే మనిషికి, రావలసిన బాకీ అడగాలంటే నోరు పెగలకపోవచ్చు. అలాంటివారికి ధైర్యం లేదనకూడదు. కుట్టడంలో బోలెడంత ధైర్యం ఉంది. బాకీ వసూలు చేయడం ఇంకా అలవాటు కాలేదు, అంతే. నాలుగుసార్లు అడిగితే అదీ వస్తుంది.

ధైర్యం ఎక్కువైనా చిక్కే. అమెరికాలో కొత్తగా వ్యాపారం పెట్టిన దాదాపు 3,000 మందిని అడిగి 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ గెలుపు అవకాశం పదికి ఏడు పాళ్లు లేదా అంతకంటే ఎక్కువేనని నూటికి 81 మంది చెప్పారు. పదికి పది అన్నవారు నూటికి 33 మంది. అదే దేశంలో కొత్త సంస్థల్లో ఐదేళ్లు దాటి నిలిచేవి సుమారు సగమే. ఆ పదికి పది అన్నవాళ్లను తలచుకుంటే నాకు దిగులు వేస్తుంది. ఓడిపోయే వీలే లేదనుకున్న మనిషి ఎక్కడ ఆగాలో ముందుగా ఆలోచించడు. ఉన్న పొలమో ఇల్లో పోయిన తరువాత ఆగుతాడు.

దిగితేగానీ లోతు తెలియదు అంటారు. నిజమే. కానీ గట్టున చెట్టుకు తాడు కట్టుకుని కూడా దిగవచ్చు కదా! కిరణ్ మజుందార్ పెట్టిన షరతు నాకు ఆ తాడులాగే కనిపిస్తుంది. చాలామంది ఈ కథలో 10,000 రూపాయల దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ ఆరు నెలల గడువే ముఖ్యం. వెనక్కి వచ్చే దారి ఉంచుకోవడం పిరికితనమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎంతవరకు పోగొట్టుకోగలమో తెలిసినప్పుడు భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది. రాత్రి నిద్ర పడుతుంది. మర్నాడు నలుగురి దగ్గరికి వెళ్లి సరుకు చూపించడానికి గొంతు పెగులుతుంది.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. వ్యాపారం మొదలుపెట్టకముందే ఒక కాగితం తీసుకోండి. ఎన్ని నెలలు చేసి చూస్తారో రాయండి. ఎంత సొమ్ము వరకు పెడతారో రాయండి. ఆ గడువు ముగిసే రోజుకు ఏమి కనిపిస్తే కొనసాగిస్తారో కూడా రాయండి. ఒకసారి కొన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారన్నది మంచి కొలత. బంధువులు మొహమాటానికి ఒకసారి కొంటారు, రెండోసారి కొనేవాళ్లే నిజమైన ఖాతాదారులు. ఆ కాగితం ఇంట్లో ఒకరికి చూపించి, వారి దగ్గరే ఉంచండి. మీ దగ్గర ఉంటే అంకెలు దిద్దాలనిపిస్తుంది. ముఖ్యంగా నష్టం వస్తున్న నెలలో.

కిరణ్ మజుందార్ ఆ ఆరు నెలల తరువాత వెనక్కి వెళ్లలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె సంస్థలో తయారైన ఎంజైములు అమెరికాకు, యూరప్‌కు ఎగుమతి అయ్యాయి.

సెలవు. నమస్కారం.