మలినాలు చెరపలేని అల

అందరికీ నమస్కారం. ఆదివారం పూట వైట్‌ఫీల్డ్ నుంచి, మారతహళ్ళి నుంచి ఇంత దూరం వచ్చినందుకు ముందుగా థ్యాంక్స్. మీలో చాలామంది చిప్ డిజైన్‌లో ఉన్నవాళ్ళే. మీరు రోజూ వాడే మోడళ్ళలో ఎలక్ట్రాన్ దాదాపుగా కణమే. అది అల కూడా అని మామూలు నిరోధం కొలతే బయటపెట్టే సందర్భాలున్నాయి.

ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) వ్యాసమున్న లోహపు ఉంగరం తీసుకోండి. ఎలక్ట్రాన్ అల రెండు వైపులా చీలి వెళ్ళి, అవతల మళ్ళీ కలుస్తుంది. మధ్యలోంచి అయస్కాంత క్షేత్రం పంపితే ఆ రెండు పాయల ఫేజ్‌లో, అంటే అల తన ఎత్తుపల్లాల్లో ఏ దశలో ఉందన్న దాంట్లో, తేడా వస్తుంది. క్షేత్రం పెంచుతూ పోతే పాయలు ఒకసారి బలపడి, ఒకసారి చెరుపుకుని, నిరోధం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ ఉంగరంలో అలాంటి ఒక్కో ఆవృత్తికి సుమారు 5 మిల్లీటెస్లాలు చాలు. దీనికి మూలమైన సిద్ధాంతాన్ని 1959లో అహరొనోవ్, బోమ్ చెప్పారు. 1985లో ఐబీఎమ్‌లో రిచర్డ్ వెబ్ బృందం బంగారు ఉంగరంలో చూపించింది. తర్వాత గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్‌లోనూ కనిపించింది.

నాకు ఇందులో అన్నిటికన్నా వింతగా తోచేది వేరే ఉంది. ఆ బంగారం ఏమంత శుద్ధమైనది కాదు. ఉంగరం దాటేలోపు ఎలక్ట్రాన్ ఎన్నోసార్లు లోపాలకు గుద్దుకుంటుంది. అన్ని దెబ్బలు తిన్నాక ఫేజ్ మిగులుతుందా? మిగులుతుంది. కదలని మలినానికి తగిలితే దిశ మారుతుంది గానీ శక్తి మారదు. ఫేజ్ కొంత జరిగినా, ప్రతిసారీ అంతే జరుగుతుంది. దాన్ని నిజంగా చెదరగొట్టేవి వేడికి కంపించే పరమాణువులు, ఎలక్ట్రాన్ల మధ్య గుద్దులాటలు. అందుకే శాంపిల్ శుభ్రంగా లేకపోయినా సర్దుకోవచ్చు, చల్లగా లేకపోతే మాత్రం కుదరదు.

చిన్న తీగల్లోనూ ఇదే కథ. క్షేత్రం మారుస్తూ గ్రాఫ్ గీస్తే ఎగుడుదిగుళ్ళు వస్తాయి. నాయిస్ అనుకుంటాం. వేడెక్కనివ్వకుండా మళ్ళీ కొలవండి, మళ్ళీ అదే గీత! మలినాల అమరిక ఏ తీగకాతీగకు వేరు కాబట్టి అది ఆ తీగ వేలిముద్ర.

ఎలక్ట్రాన్లు పలుచని పొరలో ఉన్నప్పుడు క్షేత్రం బాగా పెంచితే అలలు ఆ పొర అంచుల వెంట ఒకే దిక్కుగా సాగుతాయి, వెనక్కి తిరగడానికి దారి ఉండదు. 1980లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫాన్ క్లిట్సింగ్ హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా వచ్చే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది) మెట్లుమెట్లుగా మారడం చూసినది మీకు తెలిసిన సిలికాన్ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌లోనే. మొదటి మెట్టు 25,812.8 ఓమ్‌లు, మిగతా మెట్లు దాన్ని పూర్ణాంకాలతో భాగిస్తే వచ్చేవి. ఆ మెట్లకు వెడల్పునిచ్చేదీ మలినాలే. మరీ శుద్ధమైన శాంపిల్‌లో అవి సన్నబడిపోతాయి.